ఒక్క ముల్లు

ములుగు రోడ్డు షెడ్డుల యాకూబ్
మూడు మీటర్లు గుడ్డ మీద పరిచిండు.
టర్బోది నీలంగ మెరుస్తది, పిల్లగాండ్లు అదే అడుగుతరట.
ఇంకోటి వేడి చెప్తది.
మూడోది ఆయిల్ ప్రెషర్,
గోడ గడియారం లెక్క సాదా మొఖం.

నా జేబుల పైసలు ఒక్కదానికే.

పోయిన మే నెల, పరకాల దాటినంక
ఎర్ర బుగ్గ వెలిగింది.
అది వెలిగే యాళ్లకే
లోపల బేరింగులు పిండి అయినయి.
ఆర్నెల్ల కిరాయిలు ఇంజన్ తిన్నది.

"బుగ్గ సావు కబురు చెప్తది,
ముల్లు జరమొచ్చినప్పుడే చెప్తది"
స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనిచ్చి
బండిని వినుకుంటనే అన్నడు.

సాదాదే బిగించమన్న.

ఇప్పుడు కాజీపేట బ్రిడ్జి మీద
సగం రోడ్డు చూస్త, సగం ముల్లు చూస్త.
సిగ్నల్ కాడ అది కిందికి జారుతది.
మామూలే అన్నడు యాకూబ్.
మామూలే అనుకుంటనే
ఆక్సిలేటర్ కొంచెం తొక్కుత.