హోల్డాన్

బాణసవాడిలో దర్శిని హోటల్ మీద
రెండో అంతస్తు నాది.
కింద ఇడ్లీ ఆవిరి, పైన ఒక అద్దం,
రెండు బుల్లి కుర్చీలు, సబ్బుబుడగల సీసా,
చెవి సగం ఊడిన రబ్బరు ఏనుగు.

తొమ్మిదిన్నరకి తన్మయ్.
కాకిని తాతి అంటాడు.
"నాలుక వెనక్కి నాన్నా, గొంతు దగ్గర్నించి. క."
"త."
"క."
"త," అని, నా మొహం చూసి జాలేసి
తనే చప్పట్లు కొడతాడు.

వాడి తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు.
నీరు, పానీ, తణ్ణి, నీళ్లు.
ఒకే గ్లాసు చేత్తో పట్టుకుని
ఇదేంటి ఇదేంటి అని పొద్దంతా అడుగుతాను.
ఏడింటికి గ్లాసు నిండుగానే ఉంటుంది.
నా నాలుక మాత్రం అట్టముక్క.

ఇంటికెళ్తే ప్రభంజన్ అడుగుతాడు, ఏం తింటావని.
తల ఊపుతాను.
అవునో కాదో నాకే తెలియని ఊపు.
అందరి నోళ్లలోంచి మాటలు తవ్వి తీసి
నా వాటా అక్కడే పారేసి వచ్చినట్టు.
పదకొండు దాకా రిపోర్టులు.
ఒక రాత్రి నాలుగేళ్ల తన్మయ్ కాగితంలో రాశాను:
"కుడి మీసం వాలడం బాగా తగ్గింది."
వాళ్లమ్మ ఫోన్‌లో పడీపడీ నవ్వింది.
నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పాను.

ఆ మీసం అంజినప్పది.
ఇరవయ్యారేళ్లు సిటీ బస్సులో కండక్టరు.
పక్షవాతం మాటలన్నీ పట్టుకుపోతూ
రెండు మాత్రం వదిలేసింది.
కాఫీ కావాలా? రైట్ రైట్.
మీ ఆవిడ పేరు? హోల్డాన్.
గంగరత్నమ్మ పక్కనుంచి కొంగుతో ఆయన గడ్డం తుడుస్తుంది,
తన పేరు అదే అయినట్టు.

నాకు పని నేర్పిన రెజీనా మేడమ్ అనేది:
ప్రశ్న వేశాక ఐదు లెక్కపెట్టు.
తొందరపడి అందించావా, ఆ మాట నీదవుతుంది, వాళ్లది కాదు.
ఐదూ లెక్కపెట్టేదాన్ని, ఒకప్పుడు.
సంక్రాంతికి మూడైంది, ఉగాదికి ఒకటిన్నర.
బయట బెంచీ మీద వరసగా చెప్పులు,
గోడ మీద గడియారం,
ఐదంకెలకి చోటెక్కడ?

ఆ గురువారం ఆరుంబావు.
"ఇదేను, అంజినప్పనవరే?"
ఆయన పెదవులు కూడుకుంటున్నాయి,
"నీ..."
"నీరు!" అన్నాను నేను.
ఎడం చెయ్యి లేపి
బస్సు రేకు మీద కొట్టినట్టు
బల్ల మీద రెండు దెబ్బలు.
"హోల్డాన్."
గ్లాసు నా వైపుకి జరిపాడు.

నాకే అన్నాడో, నోటికి అదొక్కటే వచ్చి అన్నాడో
ఏ రిపోర్టులోనూ రాయలేను.
తాగాను. మొత్తం.
ముగ్గురం ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాం.
కింద ఎవరో చిల్లర కోసం గొడవపడుతున్నారు.

పెద్దగా ఏం మారలేదు.
ఎనిమిది సంచుల బొమ్మలు ఒక సంచికి దిగాయి.
ఆ చెవి ఊడిన ఏనుగే ఒకరికి ఏ,
ఇంకొకరికి కుర్చీ కింద, కుర్చీ మీద,
అంజినప్పకి మైసూరు ప్రయాణం.
ఆఖరి ఐదు నిమిషాల్లో తల్లి పక్కనుండగానే
నోట్స్ అక్కడే రాసేస్తాను.
చివర చుక్క పెట్టడం తన్మయ్ పని.
ఒక్కోసారి మూడు పెడతాడు.
ఒంటిగంట స్లాటు మూసేశాను.
యజమాని శెట్టిగారు మొహం ముడిచారు,
నెలకి ఎనిమిది వేలు తగ్గాయి.
ఆ ఎనిమిదివేలని నిద్రలో కూడా తీసివేస్తుంటాను.

ఇప్పటికీ కొన్ని రాత్రులు ఖాళీగానే ఇల్లు చేరతాను.
ప్రభంజన్ ఏం తింటావని అడిగి
గరిటె పట్టుకుని నిలబడతాడు.
పెదవులు కదులుతుంటాయి, లెక్కపెడుతున్నాడు.
ఐదు దాటినా ఆగుతాడు.
ఏడు దగ్గర అంటాను:
పెరుగన్నం.