చక్ కీ

మార్కాపురం ఐటీఐ, మూడో షెడ్డు.
తొమ్మిదింటికే ఎండ రేకులెక్కి కూచుంది.
నా చేతిలో పాఠ్య ప్రణాళిక:
లక్ష్యాలకో గడి, ప్రేరణకో గడి,
ప్రదర్శన, పునశ్చరణ, ఇంటిపని.
గీతలన్నీ స్కేలు పెట్టి రాత్రి నేనే గీశాను,
ఎర్రసిరాకి చోటు వదిలి.

ఇరవై ఇద్దరు పిల్లలు.
అందులో ఇరవై ఒక్కమంది మగపిల్లలు, ఒక్కతే కాశింబీ.
వెనక స్టూలు మీద సుగుణకుమారి మేడం,
మోకాలి మీద మార్కుల కాగితం.
నలభై నిమిషాలు.
ఈ పూటకి నేను టర్నర్ని కాను,
టీచర్నని నమ్మించాల్సినదాన్ని.

బాగానే మొదలుపెట్టాను.
"పెన్సిల్ చెక్కేటప్పుడు ఏది తిరుగుతుంది,
పెన్సిలా, షార్ప్‌నరా?"
ప్రేరణ గడి నిండింది.

బోర్డు మీద లేతు బొమ్మ గీస్తున్నాను.
గోడకి బిగించిన ఆ నల్లరాయి మా ఊరి గనిదే.
నాన్న పలకల షెడ్డులో రాయి చీల్చేవాడు.
ఉలి ఆనించకముందే, గోటితో తట్టి, చెవి పెట్టి,
పొర యాడుందో చెప్పేవాడు.
"రాయి చదువుకున్నదే అమ్మే, మనకే అక్షరం రాదు" అని నవ్వి
నవ్వు దగ్గయ్యేదాకా నవ్వేవాడు.
ఎన్ని బళ్ళలో ఎందరు పిల్లలు దిద్దుకున్నారో
ఆ పలకల మీద.
దుమ్ము మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

కంప్యూటర్ గదిలో డిజైను నేర్పినప్పుడు
గీతకి మందం ఉండదన్నారు.
నిజమే.
తెర మీద షాఫ్టుని ముప్పైసార్లు చెరిపాను,
ముప్పైసార్లూ అలక్కుండా తిరిగొచ్చింది.
మెట్లు దిగి లేతు ముందు నిలబడితేనే
అసలు సంగతి:
ముప్పై మిల్లీమీటర్ల కడ్డీ
ఇరవై తొమ్మిది పాయింటు తొమ్మిది ఎనిమిది దగ్గర ఆగాలి.
తొమ్మిది నాలుగు దాకా పోయిందా, అంతే.
కోసిన ఇనుము మళ్ళీ అతుక్కోదు.
మస్తాన్ సారు ఆ పాడైన కడ్డీ నా చేతికే ఇచ్చి
"ఇంటికి తీసుకుపో, ఇది నీ మొదటి సర్టిఫికెట్టు" అన్నారు.
అమ్మ ఇప్పటికీ దాంతోనే అల్లం దంచుతుంది.

పద్దెనిమిదో నిమిషం.
"చక్కులో జాబు బిగించాక" అంటూ తల తిప్పితే
మూడో మిషను దగ్గర మాలకొండయ్య.
చక్ కీ చక్కులోనే ఉంది.
చెయ్యి మీట మీద ఉంది.

అరిచాను.
ఏమని అరిచానో నాకు తెలీదు.
ప్రామాణిక భాష కాదని మేడం తర్వాత చెప్పింది.
వీధి కుళాయి దగ్గర బిందెల మధ్య పుట్టిన గొంతు అది,
"సచ్చినోడా, చెయ్యి తియ్యరా" అని.
షెడ్డంతా ఆగింది.
వాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

సుద్దముక్క కింద పెట్టి
వాడి దగ్గరికి పోయాను.
కీ ఊడదీసి, అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాను.
"ఇది నీ చేతిలో ఉండాల, లేకపోతే ఆ మేకుకి ఉండాల.
మూడో చోటు దీనికి లేదు."
వాడి వేళ్ళు వణుకుతున్నాయి.
మూసిన నా వేళ్ళు కూడా.

ఒక్కొక్కళ్ళనే పిలిచాను.
బిగించు, ఊడదియ్యి, మేకుకి తగిలించు.
బిగించు, ఊడదియ్యి...
కాశింబీ అడక్కుండానే రెండుసార్లు చేసింది.

గంట కొట్టారు.
పునశ్చరణ ఖాళీ, ఇంటిపని ఖాళీ.
బోర్డు మీద లేతుకి ఒక కాలు గీయనేలేదు.

"సమయపాలన లేదు. గొంతు ఎక్కువ.
ప్రణాళిక దారి తప్పింది."
పదికి ఐదున్నర.
కాగితం నా చేతికిచ్చి, పెన్ను మూత పెడుతూ,
మేడం పైకి చూసింది.
"రేకులో ఆ చిల్లేంటమ్మాయ్? వానకి కారదూ?"
"కారుతుంది మేడం. బక్కెట్టు పెడతారు."
"ఎట్టా పడింది?"
"చక్ కీ. పదకొండేళ్ళయింది.
ఆ మేకు మస్తాన్ సారు ఆ సాయంత్రం కొట్టిందే."

కీ ఎవరు మరిచిపోయారని ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.
చిల్లులోంచి ఎండ రూపాయి బిళ్ళంత జారి
మూడో మిషను పక్కన
ఇనప పొట్టు మీద పడి ఉంది.