వెంట్రుకవాసి

ఒక్కోసారి.
జబ్బు పేరు అదే.
ఎప్పుడూ కాదు, అసలే కాదనీ కాదు,
ఒక్కోసారి.

స్టాక్టన్ ఇసుకతిన్నె మీద తెల్లారి ఆరింటికి
నీళ్ళు వెనక్కి తగ్గి బురద మెరుస్తుంటే,
తోటివన్నీ మార్చిలోనే సైబీరియాకి ఎగిరిపోగా
ఇక్కడే ఉండిపోయిన కర్లూ పిల్ల ఒకటి
గరిటె కాడంత వంకర ముక్కుతో
పీతను పట్టి కాళ్ళు విదిలిస్తుంటే
నేను మీట సగం నొక్కుతాను.
లెన్సు ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది,
కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతికే చెయ్యిలా.
దొరకదు.
పక్షి ఉంది, పీత ఉంది, నేనున్నాను,
బొమ్మలో మాత్రం బూడిదరంగు పొగ.
మళ్ళీ నొక్కితే టిక్కున కుదురుతుంది,
నంగనాచి.

కూరగంగ్ రేవులో బొగ్గు పరీక్షించడం నా ఉద్యోగం.
తేమ ఎంత, బూడిద ఎంత, గంధకం ఎంత.
అంకె వేస్తే తప్ప దేని మీదా నమ్మకం కుదరదు నాకు.
దీనికీ ఒక నోటుబుక్కు పెట్టాను.
మే తొమ్మిది: ఏడు డిగ్రీలు, పడమటి గాలి, నలభైలో పదకొండు తప్పాయి.
మే పదహారు: ఎండ. ఒక్కటీ తప్పలేదు.
మే ఇరవై మూడు: జల్లు, ముప్పైలో పంతొమ్మిది.

చలి అనుకున్నాను. బ్యాటరీని చంకలో పెట్టి వెచ్చబెట్టాను.
ఉప్పుగాలి అనుకున్నాను. లెన్సు అంచున ఉన్న
ఎనిమిది బంగారు చుక్కల్నీ స్పిరిట్ అద్దిన దూదితో
చంటిపిల్ల చెవులు తుడిచినంత మెత్తగా తుడిచాను.
ల్యాబులో బ్రాన్విన్ కెమెరాకి నా లెన్సు తగిలించాను, బాగుంది.
ఆమె లెన్సు నా కెమెరాకి తగిలించాను, అదీ బాగుంది.
విడివిడిగా ఇద్దరూ నిప్పులాంటివాళ్ళే.
దొంగతనం మాత్రం ఇంట్లోనే జరుగుతోంది.

హామిల్టన్‌లో ఓ సందు చివర పనాయిస్ దుకాణం.
డెబ్భై దాటిన మనిషి, నుదుటి మీద భూతద్దం,
పక్కన చల్లారిన కాఫీ.
రెండు వందలసార్లు నొక్కి చూశాడు.
రెండు వందలూ అద్దంలా వచ్చాయి.
డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం దిగిన పిల్లాడిలా
నా కెమెరా ఆయన బల్ల మీద బుద్ధిగా కూర్చుంది.
తల కొట్టేసినట్టయింది నాకు.

"అబద్ధం చెబుతున్నావని అనను," అన్నాడు.
"నువ్వు పట్టుకో. బయట ఆ చెత్తడబ్బా మూతని తియ్యి."
పట్టుకున్నాను.
తడుముకుంది. పొగ.
ఆయన తెరవైపు చూడలేదు.
నా ఎడమచేతిని చూశాడు.

"ఈ మణికట్టు ఎప్పుడు విరిగింది?"

ఫిబ్రవరిలో, ల్యాబు మెట్ల మీద.
అతుక్కుంది. నేను మరిచిపోయాను కూడా.
చెయ్యి మరిచిపోలేదు.
నొప్పి తగలకుండా బరువంతా బొటనవేలి వైపు ఒరగబెట్టి
లెన్సును కాస్త ఎడమకి మెలిపెట్టడం
తనంతట తనే నేర్చుకుంది.
కెమెరా మూతిచుట్టూ ఉన్న నాలుగు మరల్లో ఒకటి పావుచుట్టు వదులు.
లోపల ఒక స్ప్రింగు నీరసంగా లేస్తోంది.
ఆ మెలికకీ ఈ వదులుకీ మధ్య
వెంట్రుకవాసి సందు.
చుక్క చుక్కని తాకేది, తాకేది కాదు.
తప్పు చలిది కాదు,
చల్లటి పొద్దుల్లో ఎముక గుర్తుచేసుకునేది, అంతే.

నోటుబుక్కులో గాలికి ఒక గడి ఉంది,
ఆటుపోట్లకి ఒకటి ఉంది.
చేతికి లేదు.
పద్నాలుగేళ్ళుగా బూడిద తూచే మనిషిని,
తక్కెడ పట్టుకున్న చెయ్యిని లెక్కలో వెయ్యలేదు.

మరలు బిగించాడు, స్ప్రింగు మార్చాడు. అరవై ఐదు డాలర్లు.
మణికట్టు ఆయన చూడడట, అది వేరే దుకాణం.
పాత స్ప్రింగుని ఓ ఫిల్మ్ డబ్బాలో వేసి ఇచ్చాడు.
ఆవగింజ కన్నా చిన్నది,
ఊపితే చప్పుడు కూడా సరిగ్గా రాదు.

శనివారం మళ్ళీ తిన్నె మీదికి.
ఎనిమిది డిగ్రీలు. గాలి లేదు. చెయ్యి: కొంచెం సలుపు.
కొత్త గడి గీసుకున్నాను.
కర్లూ పిల్ల రాలేదు.
బొగ్గు నింపుకున్న ఓడ ఒకటి మెల్లగా రేవు దాటుతోంది.
దాని పేరు మీద మీట నొక్కాను.
ప్రతి అక్షరమూ వచ్చింది,
కిందికి కారిన తుప్పు చారతో సహా.