పిండిమర దగ్గర

మర ఆపి బెల్టు బిగిస్తుంటానా,
గాంబిజా మాస్టారు మొదలుపెడతాడు.
"యుద్ధమంటే యుద్ధమే జెఫ్టా.
మన ఊళ్ళను ముళ్ళకంచెల్లో కుక్కారు వాళ్ళు,
ఏటికెళ్ళిన పిల్లల్ని హెలికాప్టర్లోంచి కాల్చారు.
తక్కెట్లో ముందు అది వెయ్యి.
ఆ తర్వాతే దుకాణం న్యమండే మాటెత్తు."

వేశాను మాస్టారూ.
నలభై ఏళ్ళుగా వేస్తూనే ఉన్నాను.
ఆ పళ్ళెం నేలకు ఆనుతుంది, నిజమే.
రెండోది మాత్రం ఊగడం మానదు.

అప్పుడు నాకు పదమూడేళ్ళు.
కొండ దిగి వచ్చే అన్నలకు కబురు మోసేవాణ్ణి.
నిక్కరు జేబులో వాళ్ళిచ్చిన ఖాళీ తూటా,
ఊదితే ఈల పలికేది.
"ఏం చూశావురా?" అన్నాడు నాయకుడు.
చూసిందే చెప్పాను:
న్యమండే సిపాయిలకు రొట్టెలమ్మాడని.
ఎన్ని?
పన్నెండు.
లెక్క తప్పనందుకు నా తల నిమిరాడు.

గల్లాపెట్టె మీద తుపాకీ పెట్టి కొన్నారని
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.
అంతకు ముందు రాత్రి
అదే పొయ్యిలో కాలిన రొట్టెలు
అన్నలూ తిన్నారని
అక్కడ అందరికీ తెలుసు.

రాత్రి సభ. పుంగ్వే అంటాం.
డప్పు, పాట, మళ్ళీ పాట.
పాట మధ్యలో పేరు పిలిచారు.
అయిపోయాక
అతని పెళ్ళాన్ని కూడా పాడమన్నారు.
పాడింది.
శ్రుతి తప్పలేదు.

"ఒకడి విషయంలో పొరబడితే
దేశమే తప్పవుతుందా?" అంటాడు మాస్టారు.
కాదు. ఆ జెండా ఎగిరిన రాత్రి
నేనూ వెక్కి వెక్కి ఏడ్చాను.
అదే రోజు మళ్ళీ వస్తే మళ్ళీ ఏడుస్తాను.
ఆ పన్నెండు రొట్టెలు మాత్రం
ఎవరి ఖాతాలో రాయను?
"శత్రువు ఖాతాలో."
తుపాకీ శత్రువుదే మాస్టారూ.
పేరు చెప్పిన నోరు?

గుమ్మంలో నీడ పడింది.
ముచనేతా, నెత్తిన బకెట్టు జొన్నలతో.
మేమిద్దరం గొంతు తగ్గించాం,
తప్పు చేస్తూ దొరికిన బడిపిల్లల్లా.
ఆ నోరెవరిదో ఆమెకు తెలియదు.
తెలుసేమో కూడా.

"సన్నగా పట్టు నాయనా, పళ్ళు లేవు."
పట్టాను. డబ్బులొద్దన్నాను,
ప్రతిసారీ అన్నట్టే.
ప్రతిసారిలాగే చెంగు ముడి విప్పి
మాసిన నోట్లు రెండు
బల్ల మీద సాపు చేసి పెట్టింది.

"ఊరికే తీసుకుంటే
ఎవరైనా చూస్తారు," అంది.