రెండు కిలోల రాయి

గిరింపేట సందులో, మోటార్లకు తీగ చుట్టే కొట్టు పక్కన
నా బల్ల.
మునెప్ప దాన్ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చినాడు.
ఫారెస్టు ముద్ర, దారానికి వేలాడే అట్టముక్క,
అట్టమీద ఎర్ర సిరాతో: పనికిరాదు.

ముప్పై ఏండ్లు స్టోరు గోడకి ఆనుకోనుండాది.
వచ్చిన ప్రతి గార్డూ కుడిపక్క తడిమి,
పిడి దొరక్క,
మళ్ళీ గోడకే అప్పజెప్పినాడంట.

"తప్పుగా చేసినారా అన్నా దీన్ని?"
"లేదబ్బా. పుర్రచెయ్యోళ్ళ కోసరమే చేసినారు,
ఫ్యాక్టరీలో, కొలత పెట్టి."

మునెప్ప పలకలా.
పలకమీద ఎడంచేత్తో 'అ' దిద్దినందుకు
కణుపులమీద పడిన బెత్తం,
కుడిచేతికే కోసే కొడవలి పండ్లు,
తాంబూలం అందుకోబోతే కసిరిన మేనత్త,
ఏమేమి గుర్తొచ్చినాయో నాకు తెలీదు.
పిడి వెనక్కి లాగినాడు, ముందుకి తోసినాడు.
పదకొండు సార్లు.
నేను రెండు టీలు చెప్తి.

ఫ్యాక్టరీ సరుకు ఫ్యాక్టరీ సరుకే.
గొట్టం ఒకపక్క చెక్కని రాసుకుంటా ఉండాది,
పదిరూపాయల నోటు అడ్డం లేకుండా దూరేదాకా గీకితి.
మడమ పొట్టి, మునెప్ప చెయ్యి పొడుగు;
అంగుళం జిట్రేగు ముక్క అతికిస్తి.
(ఎర్రచందనం తెచ్చిస్తానని ఒకడొచ్చినాడు.
వానితో నాకు అప్పట్నించీ మాటల్లేవు.)
భుజాన్ని తన్నే చోట లారీట్యూబు రబ్బరు, రెండు వరసలు.

ఇంక ట్రిగ్గరు.
గొట్టం పైకి నిలబెట్టి, రెండు కిలోల రాయి కట్టి వేలాడదీస్తేగానీ
కదల్లా.
మూడు రాత్రులు సానబడ్తి. స్ప్రింగు మారుస్తి.
కిలోకి దిగింది. ముప్పావుకి దిగింది.
"వేలు తలుచుకుంటే చాలు" అంటి,
కొంచెం గొప్పగానే.
మునెప్ప ఎడమ జేబులోంచి డబ్బు తీసి,
కుడిచేతికి మార్చుకోని ఇచ్చినాడు.

ఆ కార్తీకంలో రామకుప్పం పక్క ఒంటి ఏనుగ.
పాలకేంద్రానికి పోతాన్న ఆడమనిషి,
టమోటా తోటకి కావిలున్న ముసలాయన.
మూడు సంతకాల కాయితం వచ్చింది.
అట్టముక్క తెంపేసి
మునెప్పకి తుపాకి చేతికిచ్చినారు.

మళ్ళీ వచ్చినప్పుడు కొట్టు మూసే పొద్దు.
సగం దించిన షట్టరు కింద వంగి లోపలికొచ్చి
నిలబడే చెప్పినాడు.

"చెరుకుతోట గట్టు అన్నా. మంచు.
నలభై గజాలు కూడా లేదు.
దంతాలు చూస్తి.
కుడిది పొడుగ్గా, నున్నగా, కొన దేరి ఉండాది.
ఎడమది అరిగి, మొద్దుబారి, చివర పెచ్చులూడి.
వేర్లు తవ్వేదీ బెరడు చీల్చేదీ అంతా ఆ పక్కే గదా.
ఇదీ పుర్రదే
అని తలుచుకుంటి.

అంతే అన్నా.
నేను తలుచుకునింది కాల్చాలని కాదు."

పక్కకొట్లో మోటారు ఒకటి
టెస్టింగుకి తిరగతా ఉండాది. ఆగింది.

తూటా యాడ తగిలిందని నేను అడగలా.
పొద్దున పేపరు బల్లమీదే ఉండాది;
మడిచి, నూనెగుడ్డల కిందికి తోస్తి.

"బరువు చేసెయ్యన్నా. ముందుండినంత."

పాత స్ప్రింగు ఉప్మా రవ్వ డబ్బాలో ఉండాది.
తీసిన ముక్క పారెయ్యకూడదని మా నాయన మాట.
బిగిస్తి. కడితి రాయి.
రెండు కిలోలు.
కదల్లా.
"ఇంకో అరకిలో వెయ్యి."
వేస్తి. కదల్లా.
ఆ రాయి ఊగేది నిలబడిందాకా
ఇద్దరమూ దాన్నే చూస్తా ఉంటిమి.

డబ్బు ఎడంచేత్తోనే చాపినాడు,
చెయ్యి మార్చుకునేది మరిచిపోయి.
తీసుకుంటి.