రోజుకు నాలుగు నిమిషాలు

బ్ర్నోలో నాలుగో నంబరు ట్రామ్ నడుపుతాను.
నిమిషం వెనకబడితే చాలు
నా ముందున్న తెర ఎర్రబడుతుంది.
అలాంటిదాన్ని, ఆదివారం సంతలో
తుప్పు తాళాలకీ తల ఊడిన బొమ్మలకీ మధ్య
ఎనభై క్రౌన్లు పోసి
నడవని వాచీ కొన్నాను.

శుక్లం పట్టిన కన్నులా దాని అద్దం.
పట్టీ లేదు. కీ తిప్పితే
ఎవరో ఇసుక నములుతున్న చప్పుడు.
"ఇది పోయింది యార్మిలా" అన్నాడు హినెక్, డిపోలో,
చెవి దగ్గర ఊపి చూసి
కాఫీ కప్పు పక్కన పెడుతూ.
పోయినదాన్ని ఎవరైనా అంత మెల్లిగా పెడతారా?

వంటింటి బల్ల మీద అంచున్న కేకు పళ్లెం,
జారినవి దొర్లిపోకుండా.
కోడిగుడ్ల అట్టలో గుంటకో నంబరు,
విప్పిన వరస మరిచిపోకుండా.
కంట్లో భూతద్దం. గిన్నెలో లైటరు పెట్రోలు.
ఆ వారమంతా నా బంగాళాదుంపల సూపు
పెట్రోలు వాసనే వేసింది.

వెనక మూత మూడు సాయంత్రాలు బెట్టు చేసింది.
చివరికి పక్కింటి పిల్లాడి రబ్బరు బంతి
అదిమి తిప్పితే వదిలింది.
మూత లోపల, చీమ కాళ్లంత గీతలు:
నవంబరు 66, కె.
మే 71, కె.
మళ్లీ 74, కె.
79 మాత్రం వేరే చెయ్యి, తొందర చెయ్యి, పేరు కూడా లేదు.
ఆ తర్వాత నున్నటి ఉక్కు.

తప్పులు నావి రెండు.
మొదటిది:
కామా అంత స్ప్రింగు
పట్టకారు కొసనుంచి టింగుమని ఎగిరిపోయింది.
టార్చిని నేలకు ఆనించి పడుకోబెట్టి
నీడల్ని వెతికాను మోకాళ్ల మీద.
దొరికినవి: షాజీరా గింజ,
ఏనాడో పోయిన చెవిపోగు కొక్కెం,
నేను పెంచని పిల్లి మీసం.
పదహారు రోజుల తర్వాత
ఒబ్రానీలో, లైను చివర, ట్రామ్ ఆపి చేతులు చాపితే
స్వెట్టరు మోచేతి ఉన్నిలో ఏదో మెరిసింది.
టికెట్టు ముక్కలో మడిచి
ఇంటిదాకా జేబు మీద చెయ్యి తియ్యలేదు.

రెండోదానికి విరుగుడు లేదు.
డయలు మురికిగా ఉందని
తడి దూదితో ఒక్కసారి, ఒకే ఒక్కసారి తుడిచాను.
మురికి అలాగే ఉంది.
ఆరు, ఏడు అంకెలు దూదికి వచ్చేశాయి.
అరవై ఏళ్ల ఎండా చెమటా చెయ్యలేని పని
నా శుభ్రం చేసింది.

కెంపురాళ్లకు సూదిమొనతో నూనె.
చక్రం మీద చక్రం, పంటిలో పన్ను.
అన్నిటికన్నా చివర ఆ ఊగే చక్రం.
దాన్ని దించేటప్పుడు ఊపిరి బిగబట్టమని
ఎవరూ చెప్పనక్కర్లేదు.
వెంట్రుకకన్నా సన్నని చుట్ట
ఒకసారి వణికింది.
ఆగింది.
ఇంకోసారి వణికి
ఆపైన నన్ను అడగడం మానేసింది.
ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసి
చీకట్లో కూచుని విన్నాను.
పొద్దుటికి పాలు విరిగాయి.

రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోతుంది.
సన్నని మీటను వెంట్రుకవాసి జరిపితే సరిపోతుందట.
జరపలేదు. నా చెయ్యి సంగతి డయలుకు తెలుసు.
ట్రామ్‌లో తెర చెప్పినట్టే నడుపుతాను,
ఉద్యోగం అది.
కఫ్ కింద మాత్రం ఇంకో మనిషెవరో
నాకన్నా ముందే
తరువాతి స్టాపులో దిగి నిలబడ్డట్టు ఉంటుంది.
హినెక్ నా మణికట్టు చెవికి ఆనించుకుని
ఏమీ అనలేదు. కాఫీ చల్లారేదాకా వదల్లేదు.

నిన్న రాత్రి మళ్లీ బంతి అరువు తెచ్చాను.
మూత తెరిచి, సూది తీసి,
79కి దిగువన
యా. అని గీశాను, వంకరగా.
మళ్లీ ఎప్పుడో దీన్ని విప్పేవాళ్లకు
నిజం తెలియాలి కదా:
డయలు పాడుచేసింది నేనే.
అక్కడిదాకా పట్టింది.
క్షమించమనడానికి
చోటు చాల్లేదు.