రెండు రోజులు షాపు ఉండదు

అట్టముక్క మీద సుద్దతో రాసి
షట్టరుకి వేలాడదీశాను.
"ఎవరన్నా పోయారా?" అనడిగాడు
పక్క కొట్లో ఫొటోలకి ఫ్రేములు కట్టే గవరయ్య,
చేతిలో కొలబద్దతో సహా లేచి.
ఎవరూ పోలేదు బాబూ, మేమే పోతున్నాం.
నేనూ, ఆగ్నెస్సక్కా, కాజాలు కుట్టే దాలమ్మా.

జ్ఞానాపురం నుంచి తగరపువలసకి బస్సు,
అక్కణ్నించి ఆటో,
ఆటో ఇక రానని మొరాయించిన చోట జీడితోట.
తోట సన్యాసమ్మది.
పదేళ్ల నుంచీ నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది,
చంకలో పట్టేసిందని ఒక్కసారీ అనని మనిషి.
"రెండ్రోజులు కాళ్లు చాపుకోండర్రా" అంటే వచ్చాం.
వచ్చాక తెలిసింది
కాళ్లు చాపడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని.

దాలమ్మ వాకిలి ఊడ్చేసింది.
పెరడు మొదలెట్టబోతే చీపురు లాక్కున్నారు.
ఆగ్నెస్సక్క వేలికి అంగుస్తానా అలాగే ఉండిపోయింది,
దాంతోనే అన్నం కలిపి
రెండో ముద్దకి చూసుకుని పడీపడీ నవ్వింది.
నేను నులకమంచం మీద వెల్లకిలా పడి
ఆకుల సందుల్లో ఆకాశం కొలుస్తున్నాను:
ఇంత అడ్డం, ఇంత నిలువు,
కత్తెర ఎక్కడ పెట్టాలి?

ఎండ వాలాక గోస్తనికి.
వేసవి కదా,
ఇసక చీరకి సన్నటి జరీ అంచులా ఉంది ఏరు.
నిలబడితే మోకాలికి రాదు.
కూర్చున్నాం. నడుముకొచ్చింది.
చేపపిల్లలు మడమల పగుళ్లు పొడిచి చూసి
బాగోలేదనుకున్నాయో ఏమో, వెళ్లిపోయాయి.
దాలమ్మ గాలానికి పడింది ఒక్క రబ్బరు చెప్పు,
ఎడమకాలిది.
కుడిది పడేదాకా లేవనంది.
మేమూ లేవలేదు.

మర్నాడు పొద్దున్న
సన్యాసమ్మ మనవడు లోహిత్ సైకిలు తెచ్చి
"తొక్కుతావా పిన్నీ?" అన్నాడు.
నలభై ఏడేళ్లు నాకు.
ఇరవై రెండేళ్లుగా తొక్కుతూనే ఉన్నాన్రా,
జానెడు ముందుకెళ్లింది లేదు.
కుచ్చెళ్లు ఎగదోపి ఎక్కాను.
వాడు వెనక పట్టుకున్నాడు.
పట్టుకున్నా పట్టుకున్నా అనే అంటున్నాడు,
గొంతు మాత్రం దూరమైపోతోంది.
జీడిచెట్లు కదిలాయి. కళ్లం కదిలింది.
సూది కింద గుడ్డలా
నా కింద నేల
జరిగి జరిగి వెనక్కి పోతోంది.
బ్రేకు ఎక్కడుంటుందో ముందే అడగాల్సింది.
గడ్డిమేటు ఆపింది.

మోచెయ్యి గీరుకుపోయింది, పసుపు అద్దారు.
ఆగ్నెస్సక్క ప్రార్థన చేస్తానని కళ్లు మూసుకుని
ఆమెన్ దాకా రాకుండానే ఫక్కుమంది.
నేను మళ్లీ ఎక్కాను.

మధ్యాహ్నం ఉప్పద్దుకుని జీడిపళ్లు.
గొంతు గరగర, జాకెట్టు మీద రసం.
"ఆ మరక జన్మకి పోదు" అంది సన్యాసమ్మ.
తర్వాత నిద్ర.
పాత బట్టకి కుట్లు విప్పేసినట్టు
ఒళ్లంతా ఎక్కడికక్కడ వదులై.

ఇవాళ షట్టరెత్తాను.
పెళ్లివాళ్లవి పదహారు జాకెట్లు, ఆదివారానికి.
దారం ఎక్కించి పాదం పెట్టానో లేదో
గవరయ్య వచ్చి వెలుతురుకి అడ్డం నిలబడ్డాడు,
ఎలా గడిచిందో చెప్పమని.
నోరు తెరిచేలోపు
నా బొటనవేలు
మిషను బల్ల అంచున
బెల్లు కోసం వెతికింది.